రంగు కింద ఇనుము

పోయిన వారం స్వర్ణని బోటు అడుగున, పొగలో వదిలేసి వచ్చాం. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళ తప్పేం లేదు, నేనైనా తిట్టుకునేవాణ్ణే. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని, మళ్ళీ ఆ బోటులోకే దిగుదాం.

నాగావళి సముద్రంలో కలిసే మొగకి ఇవతల దిబ్బలపాలెం అని ఒక పల్లె. అక్కడ నూకయ్య అనే ముసలాయన బతుకంతా తెప్ప మీదే వేటాడాడు. అరవై దాటాక, నలుగురూ వద్దంటున్నా వినకుండా, విశాఖలో ఎవరో వదిలించుకుంటున్న కర్రబోటు కొనుక్కొచ్చి మొగ పక్క పాయలో కట్టాడు. తన కోసం కాదు. అల్లుడు ఎల్లాజీ ఏటా ఆగస్టులో రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ పోతాడు. అక్కడి బోట్లలో ఎనిమిది నెలలు పనిచేసి, ఇక్కడ వేట నిషేధం పెట్టే రోజులకి తిరిగొస్తాడు. కూతురు భారతికి పెళ్ళయి ఆరేళ్ళు. మొగుడు ఇంట్లో ఉన్న రోజులు ఏరి పక్కన పెడితే రెండేళ్ళు కూడా రావు. వెరావల్‌లో డ్రైవరుగా చేస్తున్న అల్లుడికి ఇక్కడే ఒక ఇంజను బోటుంటే ఇంక రైలెక్కడు కదా అని ముసలాయన ఆలోచన. భారతి ఆ ఆలోచన పట్టుకునే బతుకుతోంది.

బోటుతో వచ్చిన ఇంజను నెల తిరక్కుండా చచ్చిపోయింది. దాని చోట విజయనగరంలో తుక్కుకి పోతున్న లారీ నుంచి ఒక డీజిల్ ఇంజను తెచ్చి దింపారు. అక్కడొచ్చింది చిక్కు. లారీ ఇంజన్ని లేపే సెల్ఫ్ మోటారుకి ఇరవైనాలుగు ఓల్టులు కావాలి. బోటులో ఉన్న దీపాలు, వైర్‌లెస్ సెట్టు, చేపల జాడ చూపే పెట్టె, అన్నీ పన్నెండు ఓల్టులవి. ఇరవైనాలుగిస్తే ఇవి మాడిపోతాయి, పన్నెండిస్తే అది లేవదు. ఈ అత్తాకోడళ్ళకి పొత్తు కుదర్చడానికి శ్రీకాకుళం నుంచి స్వర్ణ వచ్చింది. పాత వంతెన దగ్గర సెల్ఫులూ డైనమోలూ బాగుచేసే థామస్ కూతురు. తండ్రికి కళ్ళు మసకబారాక కొట్టు ఆమే నడుపుతోంది. రెండు బ్యాటరీలు పెట్టి, మధ్యలో తను చేసిన ఇనప పెట్టె ఒకటి బిగించింది. మామూలప్పుడు రెండు బ్యాటరీలూ పక్కపక్కన నిలబడి పన్నెండే ఇస్తాయి. బొత్తాం నొక్కినంతసేపూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఇరవైనాలుగిస్తాయి. వేలు తీయగానే మళ్ళీ పక్కపక్కకి వచ్చేస్తాయి.

ఆ పెట్టె గురించి స్వర్ణ ఎంత మురిసిపోయిందో పోయిన వారం చూశాం. బొత్తాం నొక్కినప్పుడు ఏమయిందో కూడా చూశాం. టక్కుమని ఒక చప్పుడు, అంతే. సెల్ఫ్ తిరగలేదు. ఉన్నట్టుండి యాక్సిలేటర్ తీగ ఎర్రబడి పొగలు కక్కింది. దాని మీద చెయ్యి వేసి ఉన్న ఎల్లాజీ వేళ్ళు రెండు బొబ్బలెక్కాయి. ఒడ్డున చేరిన జనంలో ఎవరో, ఆడకూతురికి కరెంటు పనేటని అన్నారు. నూకయ్య మాత్రం ఏమీ అనలేదు. అదే స్వర్ణకి ఎక్కువ బాధ.

వేట తెరవడానికి ఇంక రెండు రోజులు.

మర్నాడు తెల్లారేసరికి పాయ మీద మంచులాంటి పొగ కమ్మింది. జూన్ నెలలో మంచేమిటని అడక్కండి. వాన పడి వెలిసిన రాత్రి తర్వాత ఆ నీళ్ళు అలా ఆవిరి కక్కుతాయి, అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియకుండా పోతుంది. కట్టి ఉన్న తెప్పలు నీళ్ళ మీద కాకుండా గాలిలో ఆగినట్టుంటాయి. కొంగ ఒకటి ఎగిరితే రెక్కల చప్పుడు వినిపించింది గాని కొంగ కనిపించలేదు. ఇలాంటి వేళ మనిషికి తను మేలుకున్నాడో కలలో ఉన్నాడో అని చిన్న అనుమానం వస్తుంది. స్వర్ణకి అది రోజంతా ఉండే జబ్బు. వాళ్ళమ్మ జ్ఞానసుందరి ఎన్నోసార్లు అనేది, ఈ పిల్ల చర్చిలో కూడా ఫాను తీగలే చూస్తుందని.

ఆమె ఇంజను గోతిలోకి దిగి, తన ఇనప పెట్టెని నాలుగోసారి విప్పింది. లోపల అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. రాగి బిళ్ళలు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా మాడిన మరక లేదు. సెల్ఫ్ మోటారైతే మొన్న కొట్టులో రెండు బ్యాటరీలకి తగిలించి చూసినప్పుడు బల్ల మీంచి దూడలా గెంతింది. పెట్టె మంచిదే, మోటారూ మంచిదే, బ్యాటరీలూ మంచివే. మంచివాళ్ళు ముగ్గురు కలిసి పని మాత్రం చెయ్యట్లేదు. ఇలాంటి కుటుంబాలు మనకి తెలియనివి కావు.

తప్పు తనదే అయ్యుంటుందని ఆమె రాత్రంతా నమ్మింది. ఆ నమ్మకంతోనే పెట్టెని మళ్ళీ మళ్ళీ విప్పుతోంది. ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపుని కాసేపు రానిచ్చి, పొందూరు గుడ్డముక్కతో మొహం తుడుచుకుంది. థామస్ పాత పంచెలు చింపి ఇచ్చిన గుడ్డలవి. మోటారు తుడవడానికి వాటిని మించినవి లేవని, నూగు వదలవని ఆయన వేరే గుడ్డ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ గుడ్డ వాసనకి నాన్న గుర్తొచ్చాడు. ఆయనకో పద్ధతి ఉండేది. బండి కొట్టుకి వస్తే ముందు స్పానర్ పట్టుకునేవాడు కాదు. స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. బండి యజమానులు కొందరు, ముసలాయన కునుకు తీస్తున్నాడని విసుక్కునేవారు. చిన్నప్పుడు స్వర్ణ అడిగింది, ఏం చేస్తున్నావని. "నడుస్తన్నాను," అన్నాడు. "కరెంటు ఎటు నడుస్తాదో అటు నానూ నడుస్తన్నాను. పోవడం ఒక్కటే కాదమ్మా, అది ఇంటికి తిరిగి రావాలి. తిరిగొచ్చే దారి నేకపోతే అసలు బయిల్దేరదు."

స్వర్ణ బోటు పలకల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది.

మనసులోనే ముందు బ్యాటరీ గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరో పైనుంచి బొత్తాం నొక్కారు. ఎర్రతీగలో అడుగు పెట్టింది. లోపల వెచ్చగా, మెత్తగా ఉంది. పెట్టె దగ్గరకి వచ్చేసరికి రెండో బ్యాటరీ కూడా వచ్చి వెనక నిలబడింది, బలం రెట్టింపయింది. అక్కడినుంచి సెల్ఫ్‌లోకి పోయింది. రాగి చుట్టల్లో తిరిగింది, తిప్పింది, బయటికొచ్చింది. ఇప్పుడు ఇంటికి పోవాలి. సెల్ఫ్ ఒంట్లోంచి ఇంజను ఒంట్లోకి, ఇంజను ఒంట్లోంచి నల్లతీగ పట్టుకుని బ్యాటరీ దగ్గరికి. ఇంతే దారి. నీళ్ళు బోటు అడుగుని తడుతున్నాయి. ఆమె సెల్ఫ్ బోల్టుల్లోంచి ఇరుక్కుంటూ ఇంజనులోకి వచ్చి, నల్లతీగ గడప దగ్గర చెయ్యి చాచింది. తలుపు వేసి ఉంది.

వెనక్కి చూసింది. ఎటూ దారి లేదు. పక్కన సన్నటి సందు ఒకటుంది. యాక్సిలేటర్ తీగ. ఒక కొస ఇంజనుకి, రెండో కొస పైన చక్రం దగ్గరున్న ఇనప బల్లకి, అక్కడినుంచి దీపాల నల్లతీగ బ్యాటరీకి. రథం వెనక పోయేంత జనం ఆ సందులో ఒకేసారి తోసుకుంటే ఏమవుతుంది, మండిపోతుంది.

స్వర్ణ కళ్ళు తెరిచింది. పోయే దారిలో ఏ తప్పూ లేదు. తన పెట్టెలో తప్పు లేదు. కరెంటుకి ఇంటిదారి మూసుకుపోయింది, అందుకే దొరికిన సందులోంచి దూరింది. లేచి కూర్చుని, నవ్వొచ్చి, మళ్ళీ కాస్త ఏడ్చి, స్పానర్ అందుకుంది.

ఇంజనుకి బిగించిన నల్లతీగ బోల్టు విప్పింది. కింద నీలం రంగు, మందంగా, నిగనిగలాడుతూ ఉంది. సెల్ఫ్ బోల్టులు మూడూ విప్పి మోటారుని కిందికి దింపింది. సెల్ఫ్ ఇంజను ఒంటికి ఆనుకునే గుండ్రటి అంచు ఉంటుంది, ఇనుము ఇనుముని ముట్టుకోవలసిన చోటు. అక్కడా నీలమే. సెల్ఫ్ అంచుకీ నీలమే. రెండు పూతలు. కుంచె గీతలు కూడా కనిపించకుండా ఎంతో ముచ్చటపడి వేసిన రంగు. బోటుకి వేసిన రంగే.

సెల్ఫ్ బిగించింది తను కాదు. ఆ రోజు ఆమె పైన వైరింగులో ఉంటే ఎల్లాజీ వచ్చి, "ఆ బరువు నువ్వెందుకు మొయ్యడమమ్మా, సెల్ఫూ నల్లతీగా నాను బిగించేస్తాను" అన్నాడు. వెరావల్ డ్రైవరు కదా అని ఆమె ఇచ్చేసింది.

ఒడ్డున నూకయ్య వల చిరుగులు కడుతున్నాడు. పొగమంచులో ఆయన తలపాగా ఒక్కటే కనిపిస్తోంది.

"బాబాయ్, ఇంజనుకి రంగెవరు వేశారు?" అని పైకి తల పెట్టి అడిగింది.

"అల్లుడే ఏసినాడు. నానేస్తానంటే ఒగ్గనేదు," అన్నాడు నూకయ్య. ఆ గొంతులో గర్వం దాగలేదు. "సెల్ఫ్ బిగించకముందే ఒక పూతేసి, ఆరబెట్టి, ఇంకో పూతేసినాడు. సముద్రం మీద బోడి ఇనుము ఉండకూడదు కదేటి, ఉప్పు తినేస్తాది. సందు కూడా ఒగ్గకుండా ఏసినాడు, సూసేవా. డ్రైవరంటే అలగుండాల. ఎందుకు, రంగు తక్కువయిందేటి?"

"తక్కువ కాలేదు బాబాయ్," అంది స్వర్ణ.

కిందకి దిగి చాలాసేపు ఆ నీలం రంగుని చూస్తూ కూర్చుంది. ముసలాయన చెప్పింది నిజమే. తెప్పకి మేకు కొట్టినా, లంగరు కొన్నా, ఈ పల్లెలో ముందు రంగు డబ్బా తెరుస్తారు. ఉప్పుతో బతికేవాళ్ళకి ఇనుము కప్పడం పసిపిల్లకి బొంత కప్పడం లాంటిదే. తప్పుపట్టడానికి లేదు. తెప్ప మనుషులు ఎవరు వేసినా అలాగే వేస్తారు. ఇంజను మనిషి మాత్రం వెయ్యడు. సెల్ఫుని జీవితంలో ఒక్కసారి దింపి ఎక్కించినవాడు కూడా ఆ అంచు మీద రంగు చుక్క పడితే గోరుతో గీకుతాడు. ఆరేళ్ళుగా డ్రైవరు చేస్తున్నవాడికి తెలియకపోవడం అనేది ఉండదు.

 వేట తెరవగానే ఈ బోటు అయిదుగురు మనుషులతో మొగ దాటాలి. మొగ దగ్గర ఇసుకమేట మీద అలలు విరుగుతాయి. ఏ అల తర్వాత ఇంజను తొక్కాలో, ఏ అలకి వదలాలో తెలిసినవాడే దాటించగలడు. నూకయ్యకి తెప్ప తెలుసు, ఇంజను బోటు తెలియదు. అల్లుడున్నాడనే కొన్నాడు.

"స్వర్ణమ్మా, అన్నం తెచ్చినాను," అంటూ ఎల్లాజీ గిన్నెతో గోతిలోకి దిగాడు. ముప్పై ఏళ్ళ మనిషి, భుజాలు వెడల్పు, నవ్వు మొహం. కాలిన వేళ్ళకి గుడ్డ చుట్టుకున్నాడు. గిన్నెలో వేడి అన్నం, పక్కన ఎండురొయ్యలూ వంకాయా. మూడు రోజులుగా ఇలాగే తెస్తున్నాడు. ప్రతిసారీ స్వర్ణ భారతి చెయ్యి మంచిదని మెచ్చుకుంటే, అతను తల దించుకుని నవ్వేవాడు.

గిన్నె పక్కన పెట్టబోయి, దింపి ఉన్న సెల్ఫుని చూశాడు. "దొరికిందేటి, తప్పు?"

"దొరికింది. అన్నయ్యా, వెరావల్లో మీ బోటు సెల్ఫ్ ఎన్నిసార్లు దింపుంటారు?"

"సానాసార్లు దింపినాం."

"మళ్ళీ ఎక్కించేటప్పుడు ఈ అంచుకి ఏటి చేస్తారు?"

అతను అంచు వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు. జవాబు ఆమె కళ్ళలో ఎక్కడైనా రాసుందేమోనని వెతుకుతున్న చూపు అది. "గ్రీసు..." అన్నాడు. ఆమె తల ఊపకపోయేసరికి, "రంగు," అన్నాడు.  ఆమె చాకు తీసి అంచు మీద ఒక్క గీత గీసింది. నీలం కింద తెల్లగా ఇనుము మెరిసింది.

"ఇది బోడిగా ఉండాలి అన్నయ్యా. ఇక్కడినుంచే కరెంటు వెనక్కొస్తుంది. రంగు దాన్ని ఆపేస్తుంది. డ్రైవర్లందరికీ ఇది తెలుసు."

ఒడ్డున నూకయ్య దగ్గాడు. ఎల్లాజీ పలక మీద కూర్చున్నాడు. తన వేళ్ళకున్న గుడ్డని చూసుకుంటూ మాట్లాడాడు, ఎంత చిన్న గొంతుతోనంటే అడుగున నీళ్ళ చప్పుడే దానికన్నా పెద్దగా ఉంది.

"నాను డ్రైవర్ని కాదమ్మా. వంటోణ్ణి."

స్వర్ణ గిన్నెలోని రొయ్యల కూర వంక చూసింది.

"అదీ నానే వండినాను," అన్నాడు. "బారతి పొద్దున్నే సేపలమ్మడానికి ఎలిపోతాది గదా. వెరావల్లో తొమ్మిదిమందికి వండుతాను. బోటు దొర్లిపోతా ఉంటే కుండని తాడుతో కట్టి అన్నం వారుస్తాను. గుజరాతీ రొట్టి కూడా సేస్తాను, మా బోటు పెద్ద, టండేలు, నాది తప్ప తినడు. సిగ్గుపడే పనేటి కాదు. కానీ పెళ్ళి మాటలప్పుడు మా పెదనాన్న డ్రైవరని సెప్పీసినాడు. మావ మొకం ఎలిగిపోయింది. నాను నోరు మూసుకున్నాను. ఆరేళ్ళయింది, ఇంక తెరవనేదు."

"వదినకి?"

"తెల్దు. దానికి తెలిస్తే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "తెప్ప నాకు తెలుసమ్మా, వల తెలుసు. ఇంజను బోటు నడుపుతా ఉంటే సూసినాను. సూడ్డం వేరు గదా. మావ బోటు కొన్నానని ఫోన్ సేసినప్పుడు రైల్లోంచి దూకేద్దాం అనిపించింది. నిన్న ఈ ఇంజను లెగక పొగొచ్చినప్పుడు ఏటనుకున్నానో తెలుసా? సెయ్యి కాలింది, కానీ లోపల సల్లగా ఉంది. లెగకపోతే బాగున్ను అనుకున్నాను. నాను మనిషినేనా?"

స్వర్ణకి కోపం రావలసింది. ఇతని వల్ల రాత్రంతా తన పెట్టెని తను తిట్టుకుంది, ఊరందరి చేతా మాట పడింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మీద జాలే వచ్చింది. అబద్ధం అతను ఆడలేదు, వేరేవాళ్ళు ఆడిన దాన్ని ఆరేళ్ళు మోశాడు. మోసేవాడికే నడుం విరుగుతుంది.

"నేను ఎవరికీ చెప్పను," అంది ఉప్పుకాగితం చింపుతూ. "నాది కాని మాట నేను చెప్పకూడదు. కానీ మీరు చెప్పాలి. ఇంజను నేను లేపుతాను, అది నా పని. ఈ బోటు తాడు విప్పకముందు మీరు బాబాయ్‌కి చెప్పాలి. ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటారు. మీరు పక్కన నిలబడి నేర్చుకుంటారు. ఏటవుతుంది, నాలుగు రోజులు నవ్వుతారు."

"నాలుగు రోజులా," అన్నాడు ఎల్లాజీ. తర్వాత తలూపాడు. "సెప్తాను. ఇంజను లెగనియ్. అందరూ సంబరంగా ఉంటారు గదా, అప్పుడు సెప్తాను. నీ మీదొట్టు."

"ఒట్లు నాకొద్దు. చెప్పండి చాలు."

ఇద్దరూ కలిసి గీకారు. అతను చాలా శ్రద్ధగా గీకాడు, వేసినప్పుడు ఎంత ముచ్చటపడి ఉంటాడో అంత శ్రద్ధగా. నీలం పొట్టు పలకల మీద రాలి, అడుగున చేరిన నీళ్ళలో తేలింది. అంచు తెల్లబడింది. నల్లతీగ బోల్టు కింద తెల్లబడింది. స్వర్ణ పొందూరు గుడ్డతో తుడిచి, ఇనుముకి ఇనుము ఆనించి బిగించింది. మాడిన యాక్సిలేటర్ తీగ తీసేసి కొత్తది వేసింది. తర్వాత పక్కనున్న రంగు డబ్బా అతని చేతికే ఇచ్చింది. "ఇప్పుడు వెయ్యండి, బిగించాక, పైన. ఎంతైనా వెయ్యండి. లోపల ముట్టుకోవలసినవి ముట్టుకున్నాయి, ఇంక ఉప్పు రాకుండా మీ రంగే కాపాడుతుంది." అతను కుంచె పట్టుకుని, రెండు రోజుల్లో మొదటిసారి నిజంగా నవ్వాడు.

ఎండ ఎక్కి మంచు విడిపోయేసరికి పాయ ఒడ్డున సగం పాలెం చేరింది. నిన్న ఆడకూతురి పని గురించి మాట్లాడిన గొంతు ఇవాళ ముందు వరసలో ఉంది. బజారు నుంచి ఖాళీ తట్టతో వచ్చిన భారతి, తట్ట దింపకుండానే మోకాల్లోతు నీళ్ళలోకి దిగి నిలబడింది.

స్వర్ణ మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుంది. బొత్తాం నొక్కింది.

పైనున్న దీపం ఒక్కసారి చిన్నబోయింది. ఆ చిన్నబోవడం చూసి ఆమె గుండె ఎగిరింది, ఎందుకంటే బలమంతా ఇప్పుడు సెల్ఫ్‌కి పోతోందని అర్థం. మోటారు తిరిగింది. ఇంజను ఒకసారి గొణిగింది, రెండోసారి విసుక్కుంది, మూడోసారి లేచింది. ఆమె వేలు తీసింది. దీపం మళ్ళీ ఎప్పటిలా వెలిగింది, మాడలేదు. వైర్‌లెస్ సెట్టులో ఎవరో ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. లారీ ఇంజను చప్పుడుకి పలకలన్నీ సన్నగా వణుకుతున్నాయి. స్వర్ణ ఆ వణుకు మీద అరచేయి పెట్టి కాసేపు అలా ఉండిపోయింది. చూపు ఆనకపోయినా నాన్నని ఇక్కడికి తీసుకొచ్చి ఈ చెయ్యి పెట్టించాలనిపించింది.

పైన ఏం జరుగుతోందో ఆమె గోతిలోంచి సగమే చూసింది. ఒడ్డున కట్టుకొయ్య దగ్గర నూకయ్య తలపాగా విప్పి కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఎల్లాజీ చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మావా," అన్నాడు. "మావా, నీకో మాట సెప్పాల."

"సెప్పరా అల్లుడా."

సరిగ్గా అప్పుడు భారతి జాకెట్టులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసింది. ఆగస్టు రైలు టిక్కెట్టు. నాలుగు నెలల ముందే తీసిన వెరావల్ టిక్కెట్టు. దాన్ని మొగుడికి కనిపించేలా పైకెత్తి, అడ్డంగా చింపింది. నిలువునా చింపింది. ముక్కలు పాయలో పారేసింది. "ఇంక ఎల్లక్కర్నేదు," అంది. గట్టిగా కూడా అనలేదు. ఆరేళ్ళలో ఆ పిల్ల అలా నవ్వడం పాలెంలో ఎవరూ చూడలేదు.

టిక్కెట్టు ముక్కలు మెల్లగా తిరిగి, మొగ వైపు కదిలాయి. ఆటు మొదలైంది. నీళ్ళు సముద్రంలోకి పోతున్నాయి.

ఎల్లాజీ ఆ ముక్కల వంకే చూస్తున్నాడు. 

"ఏటో సెప్తానన్నావు," అన్నాడు నూకయ్య.

"ఏటి నేదు మావా. బాగుంది. అదే."

"అయితే ఒక తిప్పు తిప్పి తే. పాయ వంపు దాకా ఎల్లి రా. పాలెం సూడాల నా అల్లుణ్ణి," అంటూ ముసలాయన తనే వంగి కట్టుతాడు విప్పేశాడు.

స్వర్ణకి అది కనిపించలేదు. గోతిలో సామాన్లు సంచిలో సర్దుకుంటోంది. కాళ్ళ కింద పలకల వణుకు మారింది, చప్పుడు లోతయింది. ఇంజను పని మొదలుపెట్టిందని చెవికి తెలిసింది, అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. సంచి వదిలేసి పైకి వచ్చేసరికి ఒడ్డు పది బారల దూరంలో ఉంది. జనం చేతులూపుతున్నారు. భారతి నీళ్ళలోనే నిలబడి, ఇప్పుడు నడుం లోతులో, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. ఎల్లాజీ కూడా ఒక చెయ్యి ఊపుతున్నాడు, మొహం నిండా నవ్వు. స్వర్ణ అతని పక్కకి వచ్చింది.

"చెప్పారా?" అని అడిగింది.

అతను ఒడ్డు వైపే చూస్తూ, నవ్వు చెదరకుండా, తల అడ్డంగా ఊపాడు. "టిక్కెట్టు సింపీసింది."

పాయ వంపు వచ్చింది. బోటు అక్కడ తిరగాలి. అతను చక్రం తిప్పాడు. ముక్కు కాస్త తిరిగింది గాని, ఆటు నీళ్ళు పక్కనుంచి తోసి మళ్ళీ నిలువుగా పెట్టేశాయి. వంపు దాటిపోయింది. ఒడ్డూ జనమూ సరుగుడు చెట్ల వెనక్కి పోయారు. ఊపడానికి ఎవరూ లేకపోయేసరికి అతని చెయ్యి కిందకి జారింది, నవ్వు కూడా పోయింది.

"వెనక్కి తిప్పడం తెలుసా అన్నయ్యా?"

"సూసినాను," అన్నాడు. "ఎప్పుడూ తిప్పనేదు." చూసిన గుర్తుతో ఇందాక ముందుకి తోసిన గేరు కడ్డీ మీద చెయ్యి వేసి, వెనక్కి ఎలా లాగాలో తెలియక తీసేశాడు. స్వర్ణ దాని వంక చూసింది. బోటులో ఉన్న ప్రతి తీగా ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఆమెకి కళ్ళు మూసుకుని తెలుసు. ఆ కడ్డీ గురించి ఏమీ తెలియదు. ఇంజను ఆపేసినా ఆటు నీళ్ళు బోటుని ఆగనివ్వవు.

ఎదురుగా నది వెడల్పయింది. దూరంగా, నీళ్ళు ఆకాశాన్ని ముట్టుకునే చోట, సున్నం గీసినట్టు తెల్లటి గీత ఒకటి లేచి పడుతోంది. మొగ. దాని చప్పుడు ఇంజను చప్పుడులోంచి కూడా వినిపిస్తోంది. ఎల్లాజీ ఆ గీతని కాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, తిన్నావా అని అడిగేంత నెమ్మదిగా అడిగాడు.

"నీకు ఈతొచ్చా, అమ్మా?"